మేనల్లుడి వాటా

కరాకోల్,
సెప్టెంబరు 22, 1974

కెరిమ్‌కుల్ మావయ్యకు, అత్తయ్యకు బాయిష్ నమస్కారాలు.

చెగిర్ కులాసా. ఆ మాట మొదట రాయకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవని నాకు తెలుసు. నేను కూడా కులాసాయే, అడిగేవాళ్లు ఎవరైనా ఉంటే.

బస్సులో నా తిప్పలు చెబుతాను విను. గోనెసంచి చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను కదా, డ్రైవరు చూసి “ఏంటబ్బాయ్ అందులో?” అన్నాడు. “కోడి” అన్నాను. చక్రం ఓ గోతిలో పడగానే మన కోడి అరిచింది చూడు, బస్సంతా గప్‌చుప్! వెనక సీట్లో ముసలాయన తాపీగా “ఏ ఊరి కోడిరా ఇది? దీని గుడ్డు తియ్యాలంటే ముందు వీలునామా రాసుకోవాలి” అన్నాడు. ఇక దాచి లాభం లేక సంచి తీశాను. కళ్లకు గంత కట్టి ఉన్నా మెడ నిక్కించి కూర్చుంది మన డేగ మహాతల్లి చెగిర్. అంతే, డ్రైవరు నన్ను ముందు సీట్లోకి రమ్మన్నాడు. నా మొహానికి ఇంతవరకు ఎవరూ ముందు సీటు ఇవ్వలేదు మావయ్యా.

హాస్టల్ వార్డెనమ్మ మాత్రం గుమ్మంలోనే ఆపేసింది. “పిల్లిని పెంచితేనే బయటికి గెంటుతాను. నువ్వు పిల్లిని తినేదాన్ని తెచ్చావ్!” అంది. ఊరి చివర క్లావ్దియా అని తేనెటీగలు పెంచే రష్యన్ ముసలమ్మ ఉంది. ఆమె కట్టెల కొట్టంలో చోటు ఇచ్చింది. బదులుగా కట్టెలు కొట్టాలి, ఆమె కోళ్లలో ఒక్కటి తగ్గినా నా చెవులు కోస్తుందట. కోళ్లు ఇప్పటికే కొట్టం వైపు రావడం మానేశాయి.

చదువు ఇంకా మొదలుకాలేదు. మొదటి ఏడాది వాళ్లందరినీ బంగాళాదుంపలు తవ్వడానికి పంపారు. పశువైద్యం నేర్చుకోవడానికి వచ్చి దుంపలకు వైద్యం చేస్తున్నాం.

ఆ రోజు వాకిట్లో అందరి ముందు “ఇది నా మేనల్లుడి వాటా” అని చెగిర్‌ను చేతిమీదికి ఎత్తుకున్నప్పుడు నీ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నువ్వు ఏదో అనబోయావు. పక్కింటి సాగిన్ తాత “మేనల్లుడు చెయ్యి వేసి అడిగింది మేనమామ కాదనకూడదురా, కిక్కురుమనకు” అన్నాడు గుర్తుందా?

విరిగిన చెయ్యి ఎలా ఉంది? అతుక్కునేదాకా గుర్రం జోలికి పోకు.

నీ మేనల్లుడు,
బాయిష్


ఆక్‌తెరెక్,
అక్టోబరు 9

అల్లుడూ బాయిష్,

చెప్పేది నేను, రాసేది మీ అత్తయ్య. కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. కాబట్టి ఉత్తరంలో తప్పులుంటే ఆవిడవి. (తప్పులు ఈయనవే. అక్షరాలు మాత్రం నావి. – అత్తయ్య)

వేసవంతా తిని కూర్చున్న పక్షి, ఒళ్లు బరువుగా ఉంటుంది. మాంసం నీళ్లలో నానబెట్టి, నెత్తురంతా పోయి తెల్లబడ్డాక పెట్టు. ఆకలి వెయ్యాలి, నీరసం రాకూడదు. రోజూ రొమ్ము ఎముక తడిమి చూస్తే నీకే తెలుస్తుంది. నక్కతోలు తాడుకు కట్టి లాగిస్తూ పిలిచి చూడు. పిలిచినప్పుడు గొంతులో తొందర ఉండకూడదు. తొందరలో ఉన్న మనిషంటే చెగిర్‌కు చిరాకు. మీ అత్తయ్యకూ అంతే. (నాకు తొందర పెట్టని మనిషంటే చిరాకు. – అత్తయ్య)

ఇవన్నీ సలహాలు మాత్రమే. ఇలాగే చెయ్యాలని చెప్పడానికి నేనెవణ్ణి? డేగ నీది. నువ్వు వాటా అడిగావు, నేను ఇచ్చాను. మా మేనత్త కొడుకు ఇలాగే మా నాన్న స్వారీ గుర్రాన్ని అడిగి తీసుకున్నాడు. పక్క వాకిట్లోనే కట్టేసేవాడు. అది సకిలిస్తే మా నాన్న లోపలికి వెళ్లిపోయేవాడు తప్ప దాని ముందు గడ్డిపరక కూడా వెయ్యలేదు. ఇచ్చింది మళ్లీ కావాలంటున్నాడు అని ఎవరైనా అనుకుంటారేమోనని.

నాన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆయన డేగ కొయ్య మీదే చచ్చిపోయింది. ముసలిదైపోయింది, కళ్లకు పొరలు కమ్మాయి, అయినా వదలడానికి ఆయనకు మనసు రాలేదు. ఒకరోజు పొద్దున్నే చూస్తే కొయ్య కింద పడి ఉంది. తన కోటు విప్పి దానికి చుట్టి కొండ మీద పాతిపెట్టి వచ్చాడు. ఆ తర్వాత డేగను మోసే తోలు చేతితొడుగు మళ్లీ వేసుకోలేదు. “దాని పిల్లల్ని కూడా నేనే తినేశానురా” అనేవాడు. అందుకే నేను పట్టిన ప్రతి డేగనూ ఈడు ఉండగానే, గూడు కట్టుకునే ఓపిక ఉండగానే వదిలేశాను. ఎర్రరాళ్ల లోయలో చెగిర్‌ను వలలోంచి తీసినప్పుడు దాని చెవిలో మాట ఇచ్చాను, పది శీతాకాలాలు నాతో ఉండు, తర్వాత నీ కొండ నీకే అని. ఆ పదోది ఇదే.

ఇవన్నీ నీకు తెలిసినవే. ఇక్కడ పనీపాటా లేదు, ముక్కు గోక్కోవాలన్నా ఎడమచెయ్యే దిక్కు. అందుకని వాగుతున్నాను.

మేనమామ,
కెరిమ్‌కుల్


కరాకోల్,
నవంబరు 24

మావయ్యా,

ఇవాళ ఆదివారం. చేతులు కొంకర్లు పోతున్నా రాస్తున్నాను, ఎందుకంటే చెగిర్ ఇవాళ కుందేలును పట్టింది!

ఇక్కడిదాకా రావడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. సోమవారం నుంచి శనివారం సాయంత్రం దాకా క్లాసులే. పొద్దున లాటిన్, మధ్యాహ్నం ఎముకలు. సాయంత్రం క్లావ్దియా ఇంటికి పరుగు, దాన్ని చేతిమీద తిప్పేసరికి చీకటి. జంతువుల్ని కోసి చూపించే క్లాసులో మిగిలిన గొర్రె గుండెకాయలు తెచ్చి నానబెడుతున్నాను. మా హాస్టల్లో నాకు అప్పుడే ‘గుండెల దొంగ’ అని పేరు పడింది. ఆడపిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు, కానీ దాని అర్థం మాత్రం వేరే ఏమీ లేదు.

ఇక మిగిలింది ఒక్క ఆదివారం. చోటేమో ఎక్కడా దొరకదు. ఊరి పైనున్న గుట్టలకు వెళితే అక్కడ పిల్లలు మంచు మీద జారుతూ కేకలు. సరస్సు ఒడ్డున ముళ్లపొదల్లోకి వెళితే కాపలావాడు వచ్చి “తమ్ముడూ, ఇక్కడ చేప పట్టాలన్నా అనుమతి కాయితం కావాలి” అన్నాడు. గొర్రెల ఫారం వైపు వెళితే కుక్కలు. ఇన్ని వారాలు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాక ఇటుకల బట్టీ వెనక ఒక చోటు దొరికింది. చెత్త పారబోస్తారు, వాసనకు నక్కలొస్తాయి. చెగిర్ గంత తీయగానే ఆ చెత్తకుప్పను చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను తలవంచుకుని మళ్లీ గంత కట్టేశాను.

చివరికి కాలేజీ పశువులశాల కాపలాదారు దయ తలిచి ఆదివారాలు గుర్రాన్ని ఇస్తున్నాడు. దాని పేరు ప్రొఫెసర్. ఎన్నో ఏళ్లుగా కుర్రాళ్లందరూ నాడి చూడటం దాని మీదే నేర్చుకున్నారు. డేగ వాలినా, పక్కన పిడుగు పడినా కదలదు. ఒకటే ఇబ్బంది, నేను చెయ్యి ఎత్తితే చాలు, సూది పొడుస్తాననుకుని నిలబడిపోతుంది. నేను చెగిర్‌ను ఎగరెయ్యాలంటే చెయ్యి ఎత్తాలి కదా!

అయినా ఆ గుర్రం మీదే తూర్పు లోయల్లోకి వెళ్లగలిగాను. అక్కడ మనుషులు లేరు, జంతువుల అడుగుజాడలు మాత్రం ఉన్నాయి. చెగిర్ గాలిలోకి లేవగానే నాకు నీ వెనక జీను మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. నువ్వు పక్కన ఉంటే బాగుండేది.

వచ్చే ఏడాది నుంచి శనివారాలు మధ్యాహ్నం దాకే క్లాసులట. అప్పటికి ఈ చుట్టుపక్కల ప్రతి గుట్టా నాకు కంఠతా వచ్చేస్తుంది. వచ్చే శీతాకాలం చూద్దువుగాని నా వేట!

నీ బాయిష్


ఆక్‌తెరెక్,
డిసెంబరు 15

బాయిష్,

చెత్తకుప్ప దగ్గర గంత తీశావా? మీ అత్తయ్య చదివి వినిపిస్తుంటే టీ గిన్నె కింద పెట్టేశాను. (పెట్టలేదు. పడేశారు. పింగాణీ గిన్నె. – అత్తయ్య) తర్వాత నువ్వు తలవంచుకున్నావని చదివింది. సరే, తలవంచుకోవడమైనా తెలిసింది.

జీను మీద కూర్చున్న రోజులు అన్నావు. నువ్వు కూర్చునేవాడివి కాదురా, నిద్రపోయేవాడివి. నా నడుముకున్న పట్టీతో నిన్ను నాకు కట్టేసుకునేవాణ్ణి. కుడిచేతి మీద చెగిర్, వెనక నువ్వు. ఇద్దరూ బరువే, ఇద్దరూ ఆకలి వేస్తే తప్ప నోరు విప్పరు. తిరిగి వస్తుంటే మీ అమ్మ గేటు దగ్గర నిలబడి “అన్నయ్యా, పిల్లాణ్ణి మంచులో ఎక్కడైనా పారేసుకున్నావా?” అని అరిచేది. నువ్వు నా కోటు లోపలి నుంచి తల బయటపెట్టేవాడివి. ఇప్పుడా కోటు నాకు వదులైపోయింది, లోపల ఎవరూ లేక.

కబుర్లేమున్నాయి? మంచు బాగా పడింది. ఎర్రరాళ్ల లోయలో మగ డేగ ఒకటి ఒంటరిగా తిరుగుతోందని కాపరులు చెప్పారు. మన దొడ్లో నల్లమచ్చ గొర్రెకు బాగా కొవ్వు పడుతోంది. డేగను వదిలేవాళ్లు కొండ మీద ఒక గొర్రెను కోసి పెట్టి వస్తారు కదా, ఆకలికి వెనక్కి రాకుండా. అలాంటి గొర్రె. మార్చి వస్తే గూళ్లు కడతాయి, ఆ తర్వాత వదిలినా జత దొరకదు. ఊరికే కబుర్లు చెబుతున్నాను, నిన్నేమీ అనడం లేదు.

వచ్చే శీతాకాలం వేట గురించి రాశావు. చాలా సంతోషం. (ఈ మాట చెప్పేటప్పుడు ఈయన మొహంలో సంతోషం నేను చూడలేదు. కిటికీ వైపు తిరిగి చెప్పారు. – అత్తయ్య)

సెలవులకు వస్తావుగా?

మేనమామ,
కెరిమ్‌కుల్


కరాకోల్,
జనవరి 26, 1975

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఇన్నాళ్లు మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఇక ఉండలేక రాస్తున్నాను.

ముందు మంచి మాట. లారీ నడిపే ముకాయ్‌తో నక్కతోలు పంపుతున్నాను. చెగిర్ ఈ శీతాకాలంలో పట్టిన మొదటి నక్క. తోక చివర తెలుపు చూడు. నీకే.

ఆ రోజు పొద్దున లేచేసరికి కొత్త మంచు. ఒక్క అడుగుజాడ కూడా చెరగని మంచు, నీకు తెలుసుగా అదెలా పిలుస్తుందో. పది గంటలకు శరీరశాస్త్రం పరీక్ష. నేను పుస్తకం సంచిలో పెట్టుకుని బయలుదేరాను, కాళ్లు మాత్రం కాలేజీ వైపు తిరగలేదు. తూర్పు లోయలో నక్క రాళ్ల మధ్య ఆగి వెనక్కి చూసింది. చెగిర్ రెక్కలు కొట్టలేదు, రెక్కలు ముడుచుకుని దిగింది. నేను ప్రొఫెసర్ని ఎంత అదిలించినా అది తన నడకే నడిచింది, నేను దిగి పరుగెత్తాను. వెళ్లేసరికి నక్క మీద రెక్కలు పరిచి కూర్చుని ఉంది, నన్ను చూసి చిన్నగా పలికింది. నేను మంచులో మోకాళ్ల మీద కూర్చుని పిచ్చివాడిలా నవ్వాను.

పరీక్ష పోయింది. సెలవుల్లో మళ్లీ రాయాలన్నారు. అందుకే ఇంటికి రాలేకపోయాను. అమ్మకు ఈ సంగతి చెప్పకు.

ఇక రెండోది. మగ డేగ అంటావు, గొర్రెకు కొవ్వు పడుతోందంటావు, మార్చి అంటావు. నాకు అర్థం కాదనుకున్నావా? నా చేతిలో చెగిర్ పాడైపోతుందని నీ భయం. చెత్తకుప్పల దగ్గర తిప్పి దాని పరువు తీస్తున్నానని, అంతకంటే త్వరగా వదిలేస్తే మేలని. కుందేలు పట్టిందని రాస్తే ఒక్క మెచ్చుకోలు లేదు. అంత భయంగా ఉంటే నోరు తెరిచి “వదిలెయ్యరా” అని ఒక్క మాట రాయి. రాయకుండా గొర్రెల కబుర్లు చెప్పడం ఎందుకు? నువ్వు రాసేదాకా నేను దాని కాలి పట్టీ ముట్టుకోను. వేటాడుతూనే ఉంటాను.

కోపం వచ్చినా,
నీ బాయిష్


ఆక్‌తెరెక్,
ఫిబ్రవరి 12

బాయిష్‌కు,

కట్టు తీశారు. నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

తోలు అందింది. మంచి తోలు. వాటా తీసుకున్న మేనల్లుడు బదులు పంపాడంటే, ఇక ఇరువైపులా మాటలు లేవని, డేగ వాడిదేనని అర్థం. అలాగే కానీ.

నిన్ను నేను ఎప్పుడూ చేతకానివాడివనలేదు. రెక్కలు ముడుచుకుని దిగిందని రాశావు చూడు, ఆ చోట నాలుగుసార్లు చదివాను. అలా దిగాలంటే చేతిమీద నమ్మకం ఉండాలి. అది నీ చెయ్యే.

వదిలెయ్యమని రాయమన్నావు. ఆ మాట నేను రాయలేను. రాయను.

నల్లమచ్చ గొర్రెను మీ అత్తయ్య అన్నగారి ఇంట్లో పెళ్లికి ఇచ్చేశాను. దొడ్లో ఊరికే ఉండటం ఎందుకు?

చెగిర్‌ను జాగ్రత్తగా చూసుకో. మే నెలలో ఈకలు రాలుతాయి, గాలి తగిలే చోట పెట్టు.

కెరిమ్‌కుల్


(అదే కవరులో, వేరే కాగితం మీద)

ఒరేయ్ బాయిష్,

కవరు అంటించడానికి నాకిచ్చి గుర్రం దగ్గరికి వెళ్లారు, అందుకని దీన్ని లోపల దూరుస్తున్నాను. ఇన్నాళ్లూ రాసేదాన్ని కాబట్టి ఆయన చెప్పిందే రాశాను. ఇప్పుడు నేను రాస్తున్నాను.

మీ ఇద్దరికీ బుర్ర ఉందా? నువ్వు ఆ రోజు వాకిట్లో, ఊరందరి ముందు, వాటా అని చెయ్యి వేసి తీసుకున్నావు. నీకది ఆటేమో. ఆయనకు ఆట కాదురా. ఆ క్షణం నుంచి చెగిర్ నీది. దాన్ని వదులు అనడమంటే ఇచ్చింది వెనక్కి అడగడమే. మేనల్లుణ్ణి అలా అడిగిన మేనమామకు ఈ ఊళ్లో తల ఎత్తుకునే దారి లేదు. పైగా నువ్వు వచ్చే శీతాకాలం వేట, శనివారాలు అని రాశావు. చెగిర్‌ను నువ్వు ఉంచేసుకుంటావనే ఆయన అనుకున్నారు. మీ తాత డేగ సంగతి ఎన్నిసార్లు కలవరించారో నాకు తెలుసు. చెగిర్‌కిచ్చిన మాట తప్పుతోందని కుమిలిపోతున్నారు. అడగలేక గొర్రెను మేపారు. నీకేమో ఆ గొర్రె తిట్టులా వినిపించింది!

పరువులు మీవి, వండిపెట్టి వినడం నా వంతు.

గొర్రెను నేనింకా పంపలేదు. దొడ్లోనే ఉంది. పెళ్లికి వేరేది పంపాను, ఆయనకు తెలియదు.

అత్తయ్య


కరాకోల్,
ఫిబ్రవరి 20

మావయ్యా, అత్తయ్యా,

ఈ ఉత్తరం గట్టిగా చదవండి, ఇద్దరూ వినాలి.

మావయ్యా, నేను చెగిర్‌ను ఒక్క శీతాకాలానికి తీసుకున్నాను. అంతే. నీ చెయ్యి విరిగింది, దాన్ని మోసేవాళ్లు లేరు, ఆఖరి శీతాకాలం అది కొయ్య మీదే కూర్చుని గడిపేస్తుందని నాకు దిగులు. మామూలుగా “నాకిస్తావా” అంటే “చదువుకునేవాడివి, నీకెందుకురా” అని కొట్టిపారేసేవాడివి. అందుకని నువ్వు కాదనలేని మాట వాడాను. తెలివైనవాణ్ణనుకున్నాను. వసంతం వస్తే నువ్వే కబురు పెడతావని, ఇద్దరం కలిసి వెళ్తామని కాచుకుని కూర్చున్నాను. వచ్చే శీతాకాలం అని రాసింది చెగిర్ గురించి కాదు. వేసవిలో నువ్వూ నేనూ కలిసి ఇంకో పిల్ల డేగను పట్టుకుంటామని నాలో నేనే కలలు కంటున్నాను. అది రాయనే లేదు కదా! నక్కతోలు బదులు కాదు, బహుమతి. నీ తలకు చలి వేస్తుందని, టోపీ కుట్టించుకోమని పంపాను.

అత్తయ్య ఉత్తరం క్లావ్దియా కొట్టంలో చదువుకున్నాను. చెగిర్ నా పక్కనే ఉంది. తలుపు సందులోంచి ఆకాశం కేసి చూస్తోంది. ఈ నెలంతా అలాగే చూస్తోంది మావయ్యా. మాంసం పెడితే తింటుంది, మళ్లీ అటే చూస్తుంది. నాకు కనబడుతూనే ఉంది, నువ్వు చెప్పలేదు కదా అని ఊరుకున్నాను. ఇంకొక్క నెల ఇలాగే ఊరుకుని ఉంటే ఏమయ్యేదో! తాతయ్య కోటు గుర్తొచ్చింది.

ఇచ్చినది తిరిగి తీసుకోనంటావు. సరే, తీసుకోకు. డేగ నాది. కాబట్టి యజమానిగా నేనే చెబుతున్నాను. మార్చి ఎనిమిది శనివారం, మహిళల పండగ సెలవు. శుక్రవారం క్లాసులు కాగానే బస్సెక్కి వస్తాను. ఆదివారం ఉదయం ఎర్రరాళ్ల లోయకు వెళ్తాం. దాన్ని నేను నా చేతిమీద తీసుకొస్తాను, కానీ కాలి పట్టీలు నువ్వు విప్పాలి. నేను విప్పలేను. చేతకాక కాదు, నా వల్ల కాదు. ఇది సాయం అడుగుతున్నాను. సాయం అడిగితే నీ పరువేమీ పోదు.

అత్తయ్యా, పండగ నీది, సెలవు మేం వాడుకుంటున్నాం. ఆ గొర్రెను నీ దొడ్లోంచి కదలనివ్వకు.

మీ బాయిష్


ఆక్‌తెరెక్,
మార్చి 30

అల్లుడూ,

నువ్వు బస్సు ఎక్కి వెళ్లాక ఏమైందో చెప్పాలి. ఇన్ని రోజులు రాయకపోవడానికి చెయ్యి కారణం కాదు.

ఆ రోజు నువ్వు చూసిందే. పట్టీలు విప్పేటప్పుడు నాకు ముడి ఒక పట్టాన రాలేదు, నువ్వు చూడనట్టు తల తిప్పుకున్నావు, మంచిపని చేశావు. నల్లమచ్చ గొర్రె మాంసం దగ్గర దాన్ని వదిలేసి ఇద్దరం వెనక్కి చూడకుండా గుర్రాలను దించుకుని వచ్చేశాం. నీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. నాకు మాత్రం గుండె తేలికైంది. మాట నిలబడింది అనుకున్నాను.

వారం తిరక్కుండానే, పొద్దున పూట, కొట్టం కప్పు మీంచి అరుపు వినబడింది. మీ అత్తయ్య పాలచెంబుతో అలాగే నిలబడి “మీ చుట్టం వచ్చింది” అంది. నేను గుమ్మం దాకా పరుగెత్తి, గుమ్మంలోనే ఆగిపోయాను. బయటికి వెళ్తే చేతిమీద వాలుతుంది. ఒక్క ముక్క పెడితే ఉండిపోతుంది. ఉండిపోతే, ఈ కొయ్య మీదే, కళ్లకు పొరలు కమ్మేదాకా.

తలుపు వేసేశాను. అది పిలుస్తూనే ఉంది. ఎన్నేళ్లు అది పిలిస్తే నేను పలికాను, నేను పిలిస్తే అది దిగి వచ్చింది! ఆకలితో వాకిట్లోకి వచ్చిన బంధువుకు మెతుకు పెట్టకుండా తలుపు వేసుకున్నవాడు మన వంశంలో నేనొక్కణ్ణే. మీ అత్తయ్య నా ముందు రొట్టె పెట్టి వెళ్లింది. ముట్టుకోలేదు. అది తినకుండా నేనెలా తింటాను?

కానీ గుర్రాలకు నీళ్లు పెట్టాలి, గడ్డి వెయ్యాలి. బయటికి వెళ్లక తప్పదు. నా నడక, నా టోపీ, నా దగ్గు అన్నీ దానికి తెలుసు. చివరికి మీ అత్తయ్య తన పొడుగు కోటు, ఉన్ని శాలువ నాకు కట్టబెట్టి, శాలువ ముక్కు దాకా లాగి “ఇప్పుడు వెళ్లు పిల్లా” అంది. అలాగే వెళ్లాను. తల వంచుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ. సాగిన్ తాత గోడ అవతలి నుంచి “ఏం కోడలా, నడుం నొప్పా?” అని పలకరించాడు. నేను గొంతు వినబడకుండా తల ఊపాను. నవ్వుతావు, నవ్వు. నేనూ ఎప్పుడో నవ్వుకుంటాను.

బావి దగ్గర ఒకసారి తల ఎత్తాల్సి వచ్చింది. అది కప్పు అంచున కూర్చుని నన్నే చూస్తోంది, దానికి ఆ పేరు తెచ్చిపెట్టిన లేతరంగు కళ్లతో. చాలాసేపు చూసింది. గుర్తు పట్టిందో లేదో నాకు తెలియదు. గుర్తు పట్టలేదనే అనుకుంటున్నాను, అలా అనుకుంటేనే నిద్ర పడుతుంది.

అలా కొన్నాళ్లు ఆడమనిషిగానే బతికాను. రోజూ వచ్చేది, పిలిచేది, వెళ్లేది. తర్వాత పిలవడం మానేసింది. తర్వాత రావడం మానేసింది. నిన్న కాపరులు దిగివచ్చి, లోయ మీద రెండు డేగలు తిరుగుతున్నాయని, ఒకటి కాళ్లతో పుల్ల మోసుకెళ్తోందని చెప్పారు. విని, మీ అత్తయ్య నా కోటు, నా టోపీ తెచ్చి ఇచ్చింది. వేసుకుని వాకిట్లోకి వెళ్లి కప్పు కేసి చూశాను. ఎవరూ లేరు. ఎన్నాళ్లుగానో ఇలాగే కావాలని కోరుకున్నానురా బాయిష్. అక్కడే, మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

పరీక్షలు బాగా రాయి. శరీరశాస్త్రం రోజున మంచు పడినా కిటికీ వైపు చూడకు.

వేసవిలో వస్తావు కదా. పిల్ల డేగ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎర్రరాళ్ల లోయకు వెళ్దాం. అవతలి గట్టు మీద, దూరంగా కూర్చుని చూద్దాం. నేను పిలవబోతే నా నోరు మూసెయ్యి.

మీ మావయ్య,
కెరిమ్‌కుల్